సోరియాసిస్‌కి ట్యూబు రాస్తారు, నిద్ర పట్టట్లేదంటే ఎవరికి చెప్పుకోవాలి?

నాగావళి_గట్టు
మాది శ్రీకాకుళం టౌనే. వయసు 31, సోరియాసిస్ వచ్చి తొమ్మిదేళ్ళు. మొదట తలలో చుండ్రు అనుకున్నాం, తర్వాత మోచేతులు, మోకాళ్ళు, పోయినేడాది నుంచి అరచేతులు కూడా. పొద్దున్న అమ్మ లేవకముందే లేచి దుప్పటి మేడ మీదకి పట్టుకెళ్ళి దులిపేసి వస్తాను, రాత్రి రాలిన చర్మం పొట్టు ఆవిడ కంటపడితే ఆ పూట అన్నం సయించదు ఆవిడకి, చూడనట్టే ఉంటుంది గానీ తినదు. నల్ల చొక్కా వేసుకుని ఆరేళ్ళయింది. సరే ఇవన్నీ అలవాటైపోయాయి అనుకోండి.
మొన్న ఫిబ్రవరిలో ఆమదాలవలసలో చుట్టాలింట్లో ఓణీల ఫంక్షన్. కుర్రాళ్ళం అందరం వడ్డనకి దిగాం, నేను సాంబారు బకెట్ పట్టుకున్నా. రెండు విస్తళ్ళు వడ్డించానో లేదో మావయ్య వచ్చి నా చేతిలోంచి బకెట్ మెల్లగా తీసుకుని "నువ్వు కూర్చో నాన్నా, పొద్దుట్నుంచీ తిరుగుతున్నావు" అన్నాడు. తిట్టలేదు, మొహం చిట్లించలేదు, చాలా ప్రేమగా అన్నాడు. కానీ నేను పొద్దుట్నుంచీ తిరగలేదు, అరగంట ముందే బస్సు దిగాను. గరిటె ఇంకా నా చేతిలోనే ఉండిపోయింది, అది ఎవరికివ్వాలో తెలీక బంతి మధ్యలో అలాగే నిలబడిపోయాను.
అప్పట్నుంచి ఎక్కడికీ వెళ్ళట్లేదు. రాత్రి రెండు, మూడు దాకా నిద్ర రాదు. స్కిన్ డాక్టర్‌కి చెప్పాను, "టెన్షన్ తగ్గించుకోవాలి, టెన్షన్ పడితే ఇది పెరుగుతుంది" అని బెల్లు కొట్టేశారు. బయట అరవై మంది ఉన్నారు, ఆయన్ని తప్పు పట్టను. కానీ టెన్షన్ ఎలా తగ్గించుకోవాలో ఏ చీటీలోనూ లేదు. ఇప్పుడు టెన్షన్ పడుతున్నానే అని ఇంకో టెన్షన్.
మన వైపు దీనికి మాట్లాడే మనిషి ఎవరైనా ఉంటారా? పిచ్చాసుపత్రికి వెళ్ళాలా? ఎవరైనా చూస్తే ఇంక సంబంధాలు వస్తాయా?

వంశధార_గాలి
ఆ గరిటె దగ్గర ఆగిపోయాను బ్రో. ఇంకేం రాయాలో తెలీట్లేదు.

మూడులాంతర్లు
విజయనగరం నుంచి. ఏమనుకోకు తమ్ముడూ, మనసు గినసు అని దీన్ని పెద్దది చేసుకోకు. ఒళ్ళు తగ్గితే మనసు అదే తగ్గుతుంది. వంకాయ, గోంగూర, ఎండుచేప, చింతపండు ఆర్నెల్లు బంద్ చెయ్యి. మా తోడల్లుడికి ఒకాయన పసరు ఇచ్చాడు, నెలలో నున్నగా అయిపోయింది. నంబరు కావాలంటే చెప్పు.

సిరిమాను_చూపు
మూడులాంతర్లు గారూ, నున్నగా అయింది సరే, తర్వాత ఏటైంది అది కూడా చెప్పండి. నాకూ 14 ఏళ్ళుగా ఉంది, నేనూ తిన్నాను అలాంటి పొడి ఒకటి. ఇరవై రోజుల్లో ఒళ్ళు అద్దంలా మెరిసిపోయింది, ఊరంతా చూపించుకున్నా. ఆపిన పది రోజులకి తల నుంచి పాదం దాకా ఎర్రగా లేచిపోయి, జ్వరం, చలి, ఆసుపత్రిలో తొమ్మిది రోజులు. ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుందని అక్కడి డాక్టర్లు అనుమానించారు. స్టెరాయిడ్ మింగి ఒక్కసారి ఆపేస్తే సోరియాసిస్ అలాగే తిరగబడుతుందట.
నాగావళి తమ్ముడూ, నీకు వివరంగా రాస్తాను, డ్యూటీ దిగాక.

మూడులాంతర్లు
మా వాడిది కూడా తర్వాత మళ్ళీ వచ్చిందిలే. కానీ అంత తీవ్రంగా కాదు.

రిటైర్డ్_సిస్టర్
నేను డాక్టర్ని కాదు, వైజాగ్‌లో 26 ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను, అందులో చాలా ఏళ్ళు స్కిన్ వార్డే. ముందు ఒక్క ముక్క. సోరియాసిస్ అంటదు. బకెట్ పట్టుకుంటే అంటదు, ఒకే కంచంలో తిన్నా అంటదు, ఒకే మంచం మీద పడుకున్నా అంటదు. మామూలుగా చర్మం కొత్తది తయారై పైకి రావడానికి సుమారు నెల పడుతుంది. ఇందులో మన ఒంట్లో రక్షణ వ్యవస్థ అతిగా ఎగదోయడం వల్ల మూడు నాలుగు రోజుల్లోనే పైకి తోసుకొచ్చేస్తుంది, పాతది రాలేలోపే కొత్తది, అందుకే ఆ పొలుసులు. అందులో పురుగూ లేదు పాపమూ లేదు.
ఇక మనసు సంగతి. మూడులాంతర్లు బాబూ, ఒళ్ళు తగ్గితే మనసు తగ్గుతుంది అన్నావు. సగం నిజం. తిరగేసినా నిజమే. దిగులు పెరిగితే ఒళ్ళు పెరుగుతుంది, ఒళ్ళు పెరిగితే దిగులు. రెండు వైపులా పట్టుకుంటేనే ఆగుతుంది. డాక్టర్లు వాడే పది ప్రశ్నల కాగితం ఒకటుంది, డీఎల్‌క్యూఐ అంటారు, 1994లో బ్రిటన్‌లో కార్డిఫ్ డాక్టర్లు తయారుచేశారు. పోయిన వారం రోజుల్లో నీ చర్మం వల్ల సిగ్గనిపించిందా, బట్టలు ఏవి వేసుకోవాలో మార్చుకున్నావా, నలుగురిలోకి వెళ్ళడం మానేశావా, ఇలాంటివే అడుగుతారు. 30కి లెక్క. 10 దాటితే జీవితం మీద దెబ్బ గట్టిగా ఉన్నట్టు. ఎందుకు చెబుతున్నానంటే నల్ల చొక్కా సంగతి, ఫంక్షన్ సంగతి డాక్టరుకి చెప్పదగ్గ విషయాలే, మందు మార్చాలా వద్దా అనేది దాన్ని బట్టి కూడా చూస్తారు. మొహమాటపడి దాచొద్దు.

పొందూరు_వడుకు
నాకు బొల్లి. వయసు 45. తమ్ముడూ నీ పోస్టు చదివి మా ఆయనకి చదివి వినిపించాను, ఆయన టీవీ కట్టేసి విన్నాడు.
నాకు పంతొమ్మిదో ఏట వీపు మీద ఒక్క మచ్చ, రూపాయి బిళ్ళంత. అమ్మ జాకెట్టు మెడ పైకి కుట్టించింది, అంతే, ఇంక ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. పెళ్ళి చేసీసారు. రెండేళ్ళకి పెదాల మీద, వేళ్ళ చివర్ల మీద వచ్చీసింది. అత్తగారు తెల్లకుష్టు అంది. మోసం చేసి కట్టబెట్టారంది. మూడేళ్ళు పుట్టింట్లో ఉన్నాను, ఖద్దరు నూలు వడుకుతూ. ఆ రాట్నం తిప్పుతుంటే నా వేళ్ళు నాకే కనబడేవి రోజంతా, తెల్లగా, దారం కన్నా తెల్లగా. ఎవరైనా నూలు కొనడానికొస్తే చేతులు పమిట కింద పెట్టీసుకునేదాన్ని.
పెద్దవాళ్ళు ఆ మాట ఎందుకంటారో నాకు తర్వాత అర్థమైంది, మన వైపు సాలూరులో కుష్టు ఆసుపత్రి ఎప్పట్నుంచో ఉంది కదా, ఒంటి మీద ఏ మచ్చొచ్చినా అటే పోతుంది వాళ్ళ బుర్ర. బొల్లికీ కుష్టుకీ చుట్టరికమే లేదు. ఆ మాటకొస్తే కుష్టుకి కూడా పూర్తిగా నయమయ్యే మందుంది, 2019లో కుష్టుని విడాకుల కారణాల్లోంచి చట్టం తీసేసింది కూడా. కుష్టు వచ్చినవాళ్ళనైనా అలా చూడకూడదు కదా.

బొబ్బిలి_కుర్రాడు
అక్కా మరి ఆయన ఎలా తిరిగొచ్చారు?

పొందూరు_వడుకు
ఒకరోజు సంతకొచ్చి అక్కణ్ణించి ఇంటికొచ్చాడు. "మచ్చకి కాదు నాకు కోపం, నీకు తెలిసీ నాకు చెప్పలేదు, అదీ" అన్నాడు. నేను చెప్పాలనుకున్నానని, చెప్పొద్దని అమ్మ ఒట్టు వేయించుకుందని అప్పుడు చెప్పాను. ఇద్దరం ఏడ్చాం. అందుకే చెబుతున్నా, సంబంధం వచ్చినప్పుడు ముందే చెప్పీ తమ్ముడూ.

మూడులాంతర్లు
ఇది మాత్రం ఒప్పుకోను అమ్మా. ముందే చెబితే ఎవడు పిల్లనిస్తాడు? మీది అదృష్టం, అందరికీ అలాంటి భర్త దొరకడు. ఆడపిల్లకైతే ఇంకా కష్టం. పెళ్ళయ్యాక మెల్లగా అర్థం చేసుకుంటారు.

పొందూరు_వడుకు
మూడేళ్ళు రాట్నం దగ్గర కూర్చున్నది నేను బాబూ. మెల్లగా అర్థం చేసుకోవడం అంటే ఎంత మెల్లగానో నాకు తెలుసు.

వంశధార_గాలి
అక్క మాటకి నా ఓటు. చెబితే నాలుగు సంబంధాలు పోతాయి, పోనీ. పోయినవాళ్ళు పెళ్ళి ముందే పోయారు కదా.

బొబ్బిలి_కుర్రాడు
నాకు 21, ఎగ్జిమా (ఒంటి మీద దురద దద్దుర్లు) చిన్నప్పట్నుంచీ. చెప్పాలి అంటే ఎప్పుడు చెప్పాలి, జాతకాలప్పుడా పెళ్ళిచూపులప్పుడా? సీరియస్‌గానే అడుగుతున్నా.

సిరిమాను_చూపు
ముందు డిగ్రీ పాసవ్వు నాయనా 😀 నేనైతే పెళ్ళిచూపుల్లో ఇద్దర్నీ విడిగా మాట్లాడుకోమన్నప్పుడు చొక్కా చేతులు పైకి మడిచి చూపించాను. పిల్లలకి వచ్చే అవకాశం కొంత ఉంటుంది, తప్పనిసరిగా వస్తుందని లేదు అని కూడా చెప్పాను. ఆవిడ "నొప్పెడుతుందా?" అని అడిగింది. పన్నెండేళ్ళయింది పెళ్ళయి.

సిరిమాను_చూపు
సరే ఇప్పుడు అసలు విషయం. నాకు కీళ్ళ నొప్పులు కూడా వచ్చాయి, సోరియాసిస్ ఉన్నవాళ్ళలో కొందరికి కీళ్ళకి కూడా పాకుతుంది, పొద్దున్న లేవగానే వేళ్ళు బిగుసుకుపోతే అశ్రద్ధ చెయ్యకండి ఎవరూ. ఆ టైములో ఉద్యోగం మానేద్దామనుకున్నా. వైజాగ్‌లో స్కిన్ డాక్టరమ్మే నన్ను ఒక సైకాలజిస్టు దగ్గరికి పంపింది. పిచ్చి అనే మాటే రాలేదు అక్కడ. ఎనిమిది సిట్టింగులు. మొదటి రోజు ఆయన ఒక తెల్ల కాగితం ఇచ్చి "ఈ జబ్బు వచ్చాక ఎక్కడెక్కడికి వెళ్ళడం మానేశావో రాయి" అన్నాడు. నేను నాలుగు ఉంటాయేమో అనుకుని మొదలుపెడితే 23 వచ్చాయి. సెలూను, పెద్దచెరువు వాకింగు, పెళ్ళిళ్ళు, జిమ్ము, మా పాప స్కూలు ఫంక్షను, చివరికి పైడితల్లి పండక్కి సిరిమాను చూడ్డానికి మేడెక్కడం కూడా, అక్కడ ఒకరి ఒళ్ళు ఒకరికి తగులుతుంది కదా అని.
అందులో అన్నిటికన్నా తేలికైనది ఏదో దాంతో మొదలుపెట్టమన్నాడు. సెలూను. నాలుగేళ్ళుగా ఇంట్లో మిషను పెట్టి మా ఆవిడే గీసేది. ఒకరోజు మధ్యాహ్నం, ఎవరూ లేని టైము చూసి వెళ్ళాను. కూర్చునే ముందే చెప్పమన్నాడు ఆయన, అలాగే చెప్పాను, "బాబూ నా తలలో సోరియాసిస్ ఉంది, అంటదు, దువ్వెన గట్టిగా గీకకుండా చెయ్యి" అని. గుండె దడదడా కొట్టుకుంటోంది. ఆ కుర్రాడు గుడ్డ దులిపి మెడకి కడుతూ తన రెండు చేతులు నా మొహం ముందు పెట్టాడు. వేళ్ళ సందుల్లో అన్నీ పగుళ్ళు, ఎర్రగా. "షాంపూలు, డైలు పడవు అన్నా, నన్ను చూసి కస్టమర్లే భయపడుతున్నారు" అన్నాడు. ఆ రోజు మామూలు కటింగుకి గంట పట్టింది, మాటలే.
నేను చెప్పేదేంటంటే, బకెట్ మావయ్య తీసుకున్నాడు, నిజం, బాధే. కానీ ఆ తర్వాత "అందరూ అలాగే అనుకుంటున్నారు" అని మనం కలిపేసుకుంటాం. కలిపేసుకుని మానేస్తాం. మానేస్తే ఎవరూ కనబడరు, కనబడకపోతే చూశావా నేనన్నదే నిజం అనిపిస్తుంది. ఈ చుట్టు తిరగడాన్ని ఆపడమే వాళ్ళు నేర్పేది. చర్మం తగ్గిస్తామని ఎవరూ చెప్పలేదు నాకు.

మూడులాంతర్లు
ఇలా ఉంటుందని నాకు తెలీదు. నిద్రమాత్రలు ఇచ్చి పంపించేస్తారనుకున్నా.

పలాస_పిక్క
మా ఆవిడ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడతాది. చేతులు నల్లగా కాలిపోయినట్టు, తోలు ఊడిపోద్ది. ఇది కూడా సోరియాసిస్సేనా సిస్టర్ గారూ? పిల్లని ఎత్తుకోవడానికి కూడా భయపడతంది, రాత్రి ఒక్కత్తీ కూకుని చేతులు చూసుకుంటాది.

రిటైర్డ్_సిస్టర్
చూడకుండా చెప్పలేను బాబూ. జీడిపిక్క పెంకులో నూనె ఉంటుంది, అది తోలుని కాల్చేస్తుంది, అది వేరే రకం. ఆ నూనె కాలుడైనా, సోరియాసిస్ అయినా పిల్లకి అంటేది కాదు, కాకపోతే చేతులకి పెంకు నూనె ఉన్నప్పుడు మాత్రం పిల్లని ముట్టుకోకుండా కడుక్కుని రమ్మను. గ్లౌజులు వేసుకోమను, వేసుకునే ముందు కొబ్బరినూనో ఆముదమో రాసుకోమను. స్కిన్ డాక్టర్‌కి చూపించండి. ఆ రాత్రిపూట కూర్చోవడం సంగతి కూడా చెప్పండి అక్కడ, మర్చిపోకండి.

పలాస_పిక్క
సరే అమ్మా. దండాలు.

ఉద్దానం_కొబ్బరి
మా ఉద్దానంలో కవిటి వైపు వాళ్ళకి ఒక మాట. ఇక్కడ కిడ్నీ జబ్బులు ఎంత ఉన్నాయో అందరికీ తెలుసు. సోరియాసిస్‌కి మెథోట్రెక్సేట్ అని మాత్ర రాస్తారు, అది కిడ్నీ ద్వారానే బయటికి పోవాలి. మా నాన్నకి రాసేముందు డాక్టరు "మీది ఏ ఊరు" అని అడిగి, ఉద్దానం అనగానే కలం పక్కన పెట్టి క్రియాటినిన్ అని కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష చేయించుకు రమ్మన్నారు. మంచి పని చేశారు, ఎక్కువే ఉంది, వేరే మందు ఇచ్చారు. మీరు చెప్పకపోతే అందరు డాక్టర్లకీ గుర్తుండదు. ఊరి పేరు మీరే చెప్పండి.

రిటైర్డ్_సిస్టర్
చాలా మంచి మాట. ఇంకోటి, ఆ మాత్ర వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకునేది కాదు. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం మీదకి తెచ్చుకున్నవాళ్ళని వార్డులో చూశాను. క్యాలెండర్ మీద ఆ వారం పేరు దగ్గర ఎర్ర ఇంకుతో గుండ్రం చుట్టుకోండి. అది వాడేటప్పుడు మద్యం తాగకూడదు, లివర్ పోతుంది.

వంశధార_గాలి
సిస్టర్ గారూ, తాగడం గురించి... నిద్ర కోసం రాత్రి రెండు పెగ్గులు వేసేవాణ్ణి, రెండేళ్ళు. నాది కూడా సోరియాసిస్సే, ఇందాక చెప్పలేదు. నిద్ర వచ్చేది, మూడింటికి మెలకువ వచ్చి గోకుడు మొదలు. మానేశాక మూడు వారాలు నరకం, తర్వాత పర్లేదు. తమ్ముడూ ఆ దారి వద్దు.

చీపురుపల్లి_టీచర్
ఆరో తరగతిలో నాకొక బాబు ఉండేవాడు, కళ్ళ చుట్టూ బొల్లి. పక్కన ఎవరూ కూర్చోరు, మధ్యాహ్నం భోజనం దగ్గర వాడి ప్లేటు వేరే. ఒక తల్లి వచ్చి బెంచి మార్చమని నాతోనే గొడవ. నేను పిల్లలకి పాఠం చెప్పాను, లాభం లేకపోయింది, చెబితే ఇంకా వాడినే చూస్తున్నారు అందరూ. తర్వాత నాకు తట్టి, నేను దిద్దిన నోటు పుస్తకాలు పంచే పని, సుద్దముక్కలు తెచ్చే పని వాడికిచ్చాను. వాడి చేతి నుంచి అందరూ తీసుకోక తప్పదు కదా. నెల తిరిగేసరికి ఎవరికీ అది గుర్తు లేదు. నాగావళి గారూ, మీ గరిటె చదివితే నాకు వాడే గుర్తొచ్చాడు. మళ్ళీ ఎవరో ఒకరు మీ చేతికి బకెట్ ఇవ్వాలండీ.

నాగావళి_గట్టు
అందరివీ చదివాను, రెండుసార్లు. జవాబు రాయడానికి వారం పట్టింది, సారీ. అమ్మ నన్ను ఆదివారం అరసవల్లి సూర్యదేవుడి గుడికి తీసుకెళ్ళింది. ఇంద్రపుష్కరిణి మెట్ల దగ్గర కూర్చుంటే నాలాంటి వాళ్ళు చాలామంది కనబడ్డారు, ఒకాయన మోచేతులు అచ్చం నావే. ఇద్దరం ఒకళ్ళ చేతులొకళ్ళం చూసుకున్నాం గానీ మాట్లాడుకోలేదు. అమ్మ మొక్కు తీరలేదని ఇంకా మొక్కుతోంది, తొమ్మిదేళ్ళుగా. తగ్గకపోతే నా భక్తిలోనే లోపం అన్నట్టు ఉంటుంది నాకు. దేవుడికి కూడా బాకీ ఉన్నట్టు.

మూడులాంతర్లు
అలా అనుకోకు నాయనా. ఆరోగ్యం భాస్కరాదిచ్ఛేత్, అంటే ఆరోగ్యం సూర్యుణ్ణి కోరుకోవాలి అన్నారు గానీ, తగ్గకపోతే నీ తప్పని ఎవరూ అనలేదు.

రిటైర్డ్_సిస్టర్
అమ్మని ఆపకు. ఆవిడ టెన్షన్ తగ్గించుకునే దారి అది. నువ్వు మాత్రం దాన్ని నీ మార్కుల కాగితంలా చూసుకోకు. ఎండ నిజంగానే మంచి చేస్తుంది చాలామందికి, ఆసుపత్రిలో ఇచ్చే లైటు వైద్యం కూడా అదే కోవ, 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి, వారానికి రెండు మూడుసార్లు నిలబెడతారు. 1998లో అమెరికాలో 37 మందితో ఒక ప్రయోగం జరిగింది, అలాంటి లైటు కింద నిలబడ్డప్పుడు సగం మందికి ఊపిరి మీద ధ్యాస పెట్టించే టేపు వినిపించారు. టేపు విన్నవాళ్ళకి చర్మం త్వరగా శుభ్రపడింది. చిన్న ప్రయోగమే, అదే మందని చెప్పను. కానీ మనసు, చర్మం వేరు వేరు ఇళ్ళు కావు. తల్లి కడుపులో చర్మం, మెదడు ఒకే పొర నుంచి పుడతాయి.

ఉద్దానం_కొబ్బరి
లైటు వైద్యం మంచిదే, కానీ వారానికి మూడుసార్లు కవిటి నుంచి ఎవడు వెళ్ళగలడు సిస్టర్ గారూ. మూడు రోజుల కూలి పోద్ది. టెన్షన్ అంటే అది కూడా.

రిటైర్డ్_సిస్టర్
నిజమే బాబూ. నా దగ్గర జవాబు లేదు దానికి.

నాగావళి_గట్టు
ఇప్పుడు టైము 1:50. ఎవరూ లేవరని తెలుసు. ఇంత మంది ఇంత బాగా రాశారు, అయినా ఈ రాత్రి చెప్పాలనిపించి చెబుతున్నా. కొన్ని రాత్రులు పొద్దున్న లేవకపోతే బావుణ్ణు అనిపిస్తోంది. ఏదో చేసుకుంటానని కాదు. ఊరికే, దుప్పటి దులిపే పని ఉండదు కదా అని.

సిరిమాను_చూపు
లేచే ఉన్నాను. నైట్ డ్యూటీ. తమ్ముడూ ఒకటి సూటిగా అడుగుతా, ఏదో చేసుకోవాలని ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా? దాచకు, నేను కంగారుపడను. ఇంట్లో పక్క గదిలో ఎవరున్నారు?

నాగావళి_గట్టు
ఆలోచన వచ్చింది ఒకసారి, మార్చిలో. ఇవాళ లేదు. అమ్మ ఉంది, తమ్ముడు ఉన్నాడు.

సిరిమాను_చూపు
ఇప్పుడే 14416కి చెయ్యి. టెలీ మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వానిది, 2022 అక్టోబర్ 10న మొదలైంది. 24 గంటలూ ఉంటుంది, డబ్బులు పడవు, తెలుగు ఎంచుకోవచ్చు. ముందు కౌన్సిలర్ మాట్లాడతారు, అవసరమైతే పై డాక్టరుకి కలుపుతారు. చేసి వచ్చి ఇక్కడ ఒక చుక్క పెట్టు చాలు. నేను కూర్చుంటాను.

నాగావళి_గట్టు
.

సిరిమాను_చూపు
హమ్మయ్య. పడుకో.

పొందూరు_వడుకు
పొద్దున్న లేచి ఇది చూశాను. నా తండ్రే. నీ దుప్పటి నేను దులుపుతాను గానీ నువ్వు లే.

నాగావళి_గట్టు
నిన్న మాట్లాడింది ఆడ మనిషి, తెలుగే. దాదాపు అరగంట. జబ్బు పేరు చెబితే "అదేంటి" అనకుండా "ఎన్నేళ్ళయింది" అని అడిగింది. నేను సాంబారు సంగతి చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "ఆ గరిటె చివరికి ఏం చేశారు?" అంది. ఎవరూ అడగలేదు నన్ను అది. కుళాయి దగ్గర కడిగి పెట్టేసి వచ్చాను అని చెప్పాను, చెబుతూ ఏడ్చేశాను, తొమ్మిదేళ్ళలో మొదటిసారి అనుకుంటా. పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్ళి చూపించుకోమంది, ఇంట్లో ఒక్కరికైనా చెప్పమంది. తమ్ముడికి చెప్పాను. వాడు ఏమీ మాట్లాడలేదు, రాత్రి మంచం తెచ్చి నా గదిలో వేసుకున్నాడు.
భయం మాత్రం అలాగే ఉంది. ఓపీలో తెలిసినవాళ్ళు కనబడితే?

రిటైర్డ్_సిస్టర్
కనబడితే వాళ్ళు కూడా అక్కడికే వచ్చినట్టు కదా నాన్నా. నీ వైద్యం వివరాలు ఆసుపత్రి వాళ్ళు బయట చెప్పకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టంలో ఉంది. డాక్టరు ముందు కూర్చుంటే సగం మర్చిపోతావు, అందుకని ఇప్పుడే కాగితం మీద రాసుకో. ఎన్ని గంటలు నిద్ర, ఎక్కడెక్కడికి వెళ్ళడం మానేశావు, మార్చిలో వచ్చిన ఆలోచన. ఆ మూడోది తప్పకుండా. వాడుతున్న స్కిన్ మందులన్నీ రాయి, ఎందుకంటే మనసుకి ఇచ్చే మందుల్లో లిథియం లాంటివి కొన్ని సోరియాసిస్‌ని రేపుతాయి, చూసి రాస్తారు. చెప్పలేకపోతే ఆ కాగితమే చేతికిచ్చీ.

మూడులాంతర్లు
తమ్ముడూ మొదట్లో మనసు గినసు అన్నాను. మా తోడల్లుడికి నిన్న ఫోన్ చేశాను, ఎలా ఉన్నావురా అని, ఒళ్ళు సంగతి కాదు ఊరికే. గంట మాట్లాడాడు. వాడు పెళ్ళిళ్ళకి రావట్లేదని మేం పొగరనుకునేవాళ్ళం ఇన్నాళ్ళూ.

బొబ్బిలి_కుర్రాడు
అన్నా నాది ఒక డౌటు, గోకుడు ఆపడానికి కూడా వీళ్ళు ఏమైనా నేర్పుతారా? నేను నిద్రలో గోకేస్తాను, పొద్దున్న రక్తం.

సిరిమాను_చూపు
నేర్పుతారు. చెయ్యి అటు పోబోతోందని ముందు కనిపెట్టడం, పోగానే పిడికిలి బిగించి ముప్పై లెక్కపెట్టడం, అలాంటివి. నిద్రలో గోకుడికి పగటి అలవాటు తగ్గితే కొంత తగ్గుతుంది. గోళ్ళు పొట్టిగా ఉంచు, మాయిశ్చరైజర్ తడి ఒంటి మీదే రాయి. వేరే థ్రెడ్ పెట్టు, అందరం రాస్తాం.

నాగావళి_గట్టు
గురువారం పొద్దున్న. ఓపీలో ఉన్నాను. టోకెన్ 46, ఇప్పుడు 19 నడుస్తోంది. తమ్ముడు పక్కనే ఉన్నాడు, సెలవు పెట్టాడు. మా వీధి మెడికల్ షాపాయన ఎదురు బెంచీ మీద ఉన్నారు, నన్ను చూసి జరిగి చోటిచ్చారు, కూర్చున్నాను. కాగితం జేబులో ఉంది, మూడోది కూడా రాశాను.

పొందూరు_వడుకు
టిఫిన్ తిన్నారా ఇద్దరూ?

నాగావళి_గట్టు
లేదక్కా. వాడు ఇడ్లీ తేవడానికి వెళ్ళాడు ఇప్పుడే. 20 పిలిచారు.